మేవిస్ డౌస్ దొడ్డిలో జరగని సంత

డెన్నిస్ ఆడ్లింగ్ తన మిషన్ని పాతిపెట్టాడని స్కార్బీ ఊళ్లో ఒక పుకారుంది. పెరట్లో చిక్కుడు పందిరి వెనకాల మనిషిని పాతేంత గొయ్యి తీసి, పాత దుప్పటి చుట్టి, బ్యాటరీలతో సహా పూడ్చి, పైన నాలుగు వరసల ఉల్లినారు కూడా నాటాడట. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పోస్టు పంచే జూన్ చూసిందని చేపలు వేయించే కొట్టువాడు అంటాడు. కొట్టువాడే చూశాడని జూన్ అంటుంది. డెన్నిస్ భార్య బెరిల్‌ని అడిగితే, "ఆయన పాతిపెట్టాల్సినవి ఇంకా బోలెడున్నాయి, మిషను దాకా వంతు రాలేదు" అని మొహం మీదే తలుపేసింది.

పాతాడో లేదో గానీ, ఒకప్పుడు ఆ మిషనంటే ఆ మనిషికి ప్రాణం. అది నేలలో ఉన్న లోహాన్ని పసిగట్టి చెవిలో కూసే మిషను. ఇనుముంటే పంది గురకలా, వెండి ఉంటే పిట్ట పాటలా. డెన్నిస్ ముప్ఫై ఒక్కేళ్లు చక్కెరదుంపల లారీ తోలి రిటైరయ్యాడు. లింకన్‌షైర్ కౌంటీ మొత్తంలో అతని లారీ బురద పడని గోడ లేదు. రిటైరయ్యాక చెవులకి ఆ మిషను తగిలించుకుని పొలాల వెంట పడ్డాడు. అలాంటివాళ్లు ఆ చుట్టుపక్కల ఇరవై మంది ఉన్నారు, వాళ్లకో క్లబ్బుంది, నెలకోసారి టీ బిస్కెట్లతో మీటింగుంది. కానీ మిగతావాళ్లకీ డెన్నిస్‌కీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. వాళ్లు పొలంలో వెతుకుతారు. డెన్నిస్ వంటింటి బల్ల మీద వెతుకుతాడు.

ఆ బల్ల మీద ఎప్పుడూ 1887 నాటి సర్వే మ్యాపు పరిచి ఉండేది. దాని పైన పల్చటి కాగితం మీద గీసుకున్న ఇప్పటి మ్యాపు. బెరిల్ టీ కప్పు పెట్టుకోవడానికి చోటు లేక పదకొండేళ్లు కిటికీ అంచునే టీ తాగింది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేనివాటి కోసమే డెన్నిస్ కళ్లు తిరిగేవి. కొట్టేసిన కంచె, పూడ్చేసిన బావి, కమ్మరి కొట్టు, కంచె దాటడానికి వేసిన చెక్కమెట్టు. "మనిషి జేబులోంచి చిల్లర రాలేది మెట్టెక్కి కాలు అటు వేసేటప్పుడేరా బాబూ, తిన్నగా నడిచేటప్పుడు కాదు" అని క్లబ్బులో కొత్తవాళ్లకి పాఠం చెప్పేవాడు.

అలా చూస్తూ చూస్తూ ఒక శీతాకాలం ఓ విడ్డూరం కనిపెట్టాడు. పాత మ్యాపులో ఐదు కాలిబాటలు ఐదు ఊళ్ల నుంచి వచ్చి ఒక పొలం మూలన కలుస్తున్నాయి. అక్కడ చర్చి లేదు, పబ్బు లేదు, బావి కూడా లేదు. ఖాళీ నేల. ఏమీ లేని చోటికి ఐదు ఊళ్ల జనం కాళ్లరిగేలా ఎందుకు నడిచినట్టు?

"బెరిల్, ఇక్కడ సంత జరిగేది" అన్నాడు డెన్నిస్.

"జరిగితే జరిగింది గానీ ఆ జాడీ మీద నుంచి నీ మోచెయ్యి తియ్యి" అంది బెరిల్.

ఆ పొలం కాలిన్ లెగ్గేట్‌ది. పేరు లాంగ్ క్లోజ్. లెగ్గేట్ మాటలు పొదుపుగా వాడే రైతు. గేటు మీద మోచేతులానించి విని, "గుంత తీస్తే పూడ్చు, గేటు తీస్తే వెయ్యి" అన్నాడు. అదే అనుమతి.

డెన్నిస్ పదకొండు వారాలు ఆ మూల దున్నినంత పని చేశాడు. నలభై ఒక్క వస్తువులు దొరికాయి. సుత్తితో కొట్టి చేసిన పాతకాలపు వెండి పెన్నీలు, బెల్టు బకిల్సు, కుట్టుపని చేసేవాళ్ల వేలితొడుగులు, రాగి పెన్నీలు. అన్నింటికీ మించి, మైనం మీద గుద్దే వెండి ముద్ర ఒకటి, గొర్రెపిల్ల బొమ్మతో. దాన్ని అరచేతిలో పెట్టుకుని పొలంలోనే మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడంటారు. చలికి కళ్లలో నీళ్లొచ్చాయని బెరిల్ అంటుంది.

సంతంటే అది గొర్రెల సంతే కాదు, మనుషుల సంత కూడా. ఏడాదికోసారి పాలేర్లూ పనిమనుషులూ అక్కడ వరసగా నిలబడేవాళ్లు. నచ్చినవాడి అరచేతిలో ఆసామి ఒక పెన్నీ పెట్టేవాడు. అది బయానా. చెయ్యి మూసుకున్నాడా, ఏడాది పొడుగునా ఆ ఇంటి చాకిరీ. రాగి పెన్నీల్లో ఎన్ని అలా చేతులు మారి జారిపోయినవో అనుకుంటే డెన్నిస్‌కి ఒళ్లు జలదరించేది.

ఇంతవరకూ పాపం లేదు. ఇక పాపం మొదలవుతుంది.

ఇలా దొరికినవాటిని కౌంటీలో దాని కోసమే ఉన్న ఆఫీసరుకి చూపించి, ఏ చోట దొరికాయో మ్యాపు అంకెలు రాయించాలి. ఎనిమిది అంకెలు. ఆ ఎనిమిదీ సరిగ్గా చెబితే చిన్న ఇంటి వైశాల్యమంత చోటు మీద వేలు పెట్టినట్టే. క్లబ్బులో మొదటి నియమం అదే, గోడ మీద ఫ్రేము కట్టి మరీ పెట్టారు. ఫ్రేము కట్టించింది కూడా డెన్నిసే.

కానీ క్లబ్బులో రోనీ బ్లేడ్స్ ఉన్నాడు. రోనీ సొంతంగా ఒక్క పొలం కనిపెట్టిన పాపాన పోలేదు. పక్కవాడి బూటు కింది మట్టి నాకి పొలం పేరు చెప్పగలడని మాత్రం ప్రతీతి. ఆ వారం కూడా రోనీ, "ఏం గురూ, ఈమధ్య ఎర్రమట్టిలో తిరుగుతున్నట్టున్నావే, కారు టైర్లు చెబుతున్నాయి" అన్నాడు. డెన్నిస్ ఆ మాటకి మూడు రాత్రులు నిద్రపోలేదు. రోనీకి ఆఫీసులో కూడా పరిచయాలున్నాయి. లాంగ్ క్లోజ్ పేరు బయటికొస్తే మర్నాటికల్లా రోనీ విస్కీ సీసాతో లెగ్గేట్ గేటు దగ్గర అనుమతికి నిలబడతాడు.

అప్పుడే కొత్తగా చేరిన ఆఫీసరు ఫిలిప్పా, ఇరవయ్యారేళ్ల పిల్ల, పెన్సిలు పట్టుకుని అడిగింది. "అంకెలు చెప్పండి, మిస్టర్ ఆడ్లింగ్."

డెన్నిస్ చెప్పాడు. చెబుతూ చెబుతూ మూడో అంకె దగ్గర రెండుకి బదులు అయిదు అన్నాడు.

ఒక్క అంకె. నాలుక కదిలింది అర అంగుళం. సంత కదిలింది మూడు వందల మీటర్లు. తూర్పుగా, మేవిస్ డౌస్ ఇంటి వెనక గడ్డిదొడ్డిలోకి.

అక్కడికే ఎందుకంటే, ఆ దొడ్డిలోకి ఏ మిషనువాడూ అడుగు పెట్టలేడు. మేవిసమ్మ పెంచే మగబాతు ఒకటుంది, పేరు బిషప్. గ్యాసు మీటరు చూడ్డానికొచ్చినవాడి ప్యాంటు మోకాలి దాకా చింపేసింది. అదీగాక డెన్నిస్‌కి ఆ దొడ్డిలో తిరగడానికి అనుమతుంది. అంతకు రెండేళ్ల ముందు బంగాళదుంపల మడిలో జారిపోయిన మేవిసమ్మ పెళ్లి ఉంగరం వెతికిపెట్టింది అతనే. ఆనాటి నుంచి ఆమెకి డెన్నిస్ దేవుడి తర్వాత దేవుడు. ఆ మంచి పేరునే అడ్డం పెట్టుకున్నాడు.

వెండి ముద్రని మ్యూజియంలో పెట్టారు. అట్ట మీద 'స్కార్బీ గ్రామం' అని మాత్రమే రాశారు. దొంగలు పడకుండా అంతకంటే రాయరు. కానీ సంత తన దొడ్డిలోనే జరిగిందని ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని మేవిసమ్మ ఊరంతా చదివి వినిపించింది. చనిపోయిన మొగుడి ఫోటో పక్కన ఫ్రేము కట్టింది. ఆమె ముత్తాత పదమూడేళ్లప్పుడు ఏదో సంతలో పాలేరుగా కుదిరాడని వాళ్లింట్లో ఒక మాట ఉంది. ఏ సంతో ఎవరికీ తెలీదు. ఇప్పుడు తెలిసిపోయింది కదా!

"మా ముత్తాత నిలబడింది ఇక్కడేనయ్యా, ఈ ఆపిల్ చెట్టు దగ్గరే" అనేది, తనే బయానా పెన్నీ ఇచ్చినంత నమ్మకంగా. "నేను యాభై ఏళ్లుగా బట్టలారేస్తున్నది ఆయన పాదాల మీద." ఏటా ఆయన పుట్టినరోజుకి బస్సెక్కి మ్యూజియానికి వెళ్లి, అద్దాల పెట్టె ముందు పావుగంట నిలబడి వచ్చేది. రాగానే డెన్నిస్ ఇంటికి వచ్చి, "కులాసాగానే ఉంది, దుమ్ము దులుపుతున్నారు" అని, ఆసుపత్రిలో చుట్టాన్ని చూసొచ్చినట్టు చెప్పేది.

డెన్నిస్‌కి మొదటి ఏడాది చీమ కుట్టినట్టుండేది. మూడో ఏటికి తేలయింది. అయినా నోరు పెగల్లేదు. ఏడేళ్లు గడిచాయి.

ఏడో ఏడు మార్చిలో ఒక ఉదయం మేవిసమ్మ అతని తలుపు తట్టింది. ఎనభై రెండేళ్ల మనిషి. ఒక చేతిలో ఎండుద్రాక్ష రొట్టె, ఇంకో చేతిలో ఉత్తరం.

"నాయనా డెన్నిస్, రొట్టె వేడిగా ఉంది, ముందు అది తిను. ఉత్తరం చల్లారినా పరవాలేదు."

బెరిల్ రొట్టె కోసి, పైన జున్ను ముక్క పెట్టి ఇచ్చింది. డెన్నిస్ ఒక కొరుకు కొరికి ఉత్తరం చదివాడు. మిగతా ముక్క జున్నుతో సహా పళ్లెంలో పెట్టేశాడు.

మేవిసమ్మ తమ్ముడు ఆర్చీ, గ్రిమ్స్‌బీ అనే ఊరి రేవులో మూడో అంతస్తు గదిలో ఉంటాడు. చేపల పడవల్లో పనిచేసి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. అతన్ని తెచ్చి దగ్గర పెట్టుకోవాలని దొడ్డిలో రెండు గదుల ఇల్లు, మెట్లు లేకుండా, చక్రాల కుర్చీ తిరిగేలా కట్టాలని ఆమె అనుమతి అడిగింది. అనుమతుల ఆఫీసు జవాబిచ్చింది. రికార్డుల ప్రకారం ఈ దొడ్డి ఒక ప్రాచీన సంత జరిగిన స్థలం, నలభై ఒక్క వస్తువులు దొరికాయి, కాబట్టి పునాది తీసే ముందు ఇంటి యజమాని ఖర్చుతో నిపుణుల చేత తవ్వించి చూడాలి.

"ఆ తవ్వకానికయ్యే డబ్బుతో ఇంకో ఇల్లు కట్టొచ్చట" అంది మేవిసమ్మ. "నా దగ్గర ఉన్నది ఒక్క ఇంటికి. అందుకే నీ దగ్గరికొచ్చా. ఈ సంగతులన్నీ తెలిసినోడివి నువ్వే కదా. నా తరఫున ఒక మంచి ఉత్తరం రాసిపెట్టు నాయనా. సంతకి ఏ హానీ చెయ్యబోమని రాయి. మా ముత్తాత మీద ఒట్టేసి రాయి."

డెన్నిస్ మింగలేక కక్కలేక, "రాస్తానమ్మా" అన్నాడు.

ఆమె వెళ్లాక బెరిల్ గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఏం, రొట్టె బాలేదా?"

"బానే ఉంది."

"ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురంలో నువ్వు జున్ను వదిలేసింది ఒక్కసారి, మీ నాన్న పోయినప్పుడు. ఏం చేశావో చెప్పు."

చెప్పేశాడు. మూడో అంకె సంగతంతా చెప్పేశాడు. బెరిల్ చేతులు తుడుచుకుంది. "రోనీ బ్లేడ్స్‌కి భయపడి ముసలమ్మ నెత్తిన సంత కట్టావన్నమాట" అంది. ఆ రోజు నుంచి టీ అతని ముందు పెట్టకుండా కిటికీ అంచున పెట్టడం మొదలెట్టింది. కావలిస్తే లేచి తెచ్చుకోవాలి.

నిజం చెప్పకుండా బయటపడే దారి ఉందేమోనని డెన్నిస్ ముందు వెతికాడు. మనిషి లక్షణమే అంత. మిషను తీసుకుని మేవిసమ్మ దొడ్డిలో దిగాడు. దొడ్డిలో ఇంకేమీ లేదని చూపిస్తే తవ్వకం అక్కర్లేదంటారు కదా అని ఆశ. రెండు రోజులు అంగుళం అంగుళం తిరిగాడు. బిషప్ కూడా రెండు రోజులూ వెంట తిరిగింది, పిక్కల మీద దాని సంతకాలు పన్నెండు పడ్డాయి. ఏడు డబ్బా మూతలు, ఒక చెంచా, ఒక గుర్రపు నాడా. అంతే. ఫిలిప్పాకి ఫోను చేసి ఉత్సాహంగా చెప్పాడు.

"ఏమీ దొరకలేదా? మంచిదే కదా, మిస్టర్ ఆడ్లింగ్" అంది ఫిలిప్పా. "పైపైనున్నవన్నీ అప్పుడే మీరే తీసేశారు. కిందది చెక్కుచెదరకుండా ఉందన్నమాట. ఈ సంగతి కూడా అనుమతులవాళ్లకి రాస్తాను. మీ రికార్డు అంత పక్కాగా ఉంది కాబట్టే వాళ్లు తవ్వమంటున్నారు."

తన ఉచ్చులో తనే పడి, తాడు ఇంకో చుట్టు బిగించుకున్నట్టయింది.

ఆ ఆదివారం మేవిసమ్మ అడిగింది, గ్రిమ్స్‌బీ దాకా కార్లో దింపుతావా అని. కాదనడానికి మొహం లేదు. ఆర్చీ గదికి నలభై రెండు మెట్లు. ఎక్కేసరికి డెన్నిస్‌కే ఆయాసం వచ్చింది. ఆర్చీ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్టోబరు నుంచి కిందికి దిగలేదు. గోడ మీద ఒక కాగితం అంటించుకున్నాడు. దాని మీద పెన్సిలుతో దొడ్డి, ఇల్లు, ఆపిల్ చెట్టు, చెట్టు కింద కుర్చీ.

"నువ్వేనా డెన్నిసంటే? మా అక్క చెప్పే కబుర్లలో ప్రభువు తర్వాత నీ పేరే" అని ఆర్చీ చెయ్యి పట్టుకుని ఊపాడు. "సంత మైదానంలో ఇల్లు! నేను చూసిన సంతల్లా చేపల వేలం పాటే. చూడు, కుర్చీ ఇక్కడ వేసుకుంటా. బాతుకి కూడా చోటు వదిలా."

"బాతు నీకు చోటు వదిలితే కదా" అంది మేవిసమ్మ.

"ఇంకెన్నాళ్లు పడుతుందంటావ్?" అని ఆర్చీ డెన్నిస్‌నే అడిగాడు. "ఎందుకంటే, తమ్ముడూ, ఆ మెట్లు నేను ఒక్కసారే దిగగలను. మళ్లీ ఎక్కలేను. అందుకని దిగే రోజు ఖాయంగా తెలియాలి."

డెన్నిస్ నలభై రెండు మెట్లూ దిగి కార్లో కూర్చున్నాడు. తాళంచెవి తిప్పడానికి చెయ్యి రాలేదు. "ఏమిటయ్యా, పెట్రోలు లేదా?" అని మేవిసమ్మ అడిగింది. "ఉందమ్మా" అన్నాడు. కారు ఊరి వైపు తిప్పాడు.

మర్నాడు పెళ్లినాటి సూటు వేసుకున్నాడు. బొత్తాము ఒక్కటీ పట్టలేదు. పాత మ్యాపు చంకన పెట్టుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్లాడు. ఫిలిప్పా బల్ల మీద దాన్ని పరిచి, ఐదు బాటలు కలిసే చోట వేలు పెట్టాడు.

"సంత ఇక్కడమ్మా. అక్కడ కాదు. మూడో అంకె నేను మార్చి చెప్పాను. తెలిసే చెప్పాను."

ఫిలిప్పా వంగి ఐదు బాటల్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. కేకలేస్తే బాగుణ్ననిపించింది డెన్నిస్‌కి. వెయ్యలేదు. లేచి బీరువా లోంచి ఒక పుస్తకం తీసి అతని ముందు పెట్టింది. కౌంటీ చరిత్ర సంఘం పత్రిక. అందులో పద్నాలుగు పేజీలు ఆమె రాసిన వ్యాసం.

"ఈ బాటలు నేనూ చూశాను" అంది నెమ్మదిగా. "ఐదు బాటలూ ఒక చోటికి పోతుంటే సంత ఇంకో చోట ఎందుకుందా అని రెండేళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి వరదొచ్చి సంతని అటు జరిపారని తేల్చాను. వరద నీరు ఎంత ఎత్తొచ్చిందో కూడా లెక్కకట్టాను, మిస్టర్ ఆడ్లింగ్. మూడు అడుగులు."

డెన్నిస్ సూటులో కుంచించుకుపోయాడు. రాని వరదలో నిజంగానే మునిగిపోయాడు. "క్షమించమ్మా" అన్న మాట బయటికొచ్చిందో లేదో అతనికే తెలీదు.

"ఎందుకు చేశారు?"

"ఇంకొకడు వచ్చి నా పొలంలో తిరుగుతాడని."

"అది మీ పొలం కూడా కాదు" అంది ఫిలిప్పా. పెన్సిలు తీసి ఒక కాగితం ముందుకు తోసింది. "రాసి సంతకం పెట్టండి. రికార్డు దిద్ది, అనుమతులవాళ్లకి నేను చెబుతాను. అసలు చోటు మనం బయటికి చెప్పం. ఆ దొడ్డి యజమానికి, ఆ పొలం యజమానికి మాత్రం మీరే చెప్పాలి. ఉత్తరం రాయడం కాదు, వెళ్లి చెప్పాలి."

లెగ్గేట్ దగ్గర పని తేలిగ్గానే అయిపోయింది. గేటు మీద మోచేతులానించి విన్నాడు. "ఈ మాట ఊరికి తెలిస్తే నా బార్లీలో ఎంతమంది తిరుగుతారు?" అని అడిగాడు. "కౌంటీ మొత్తం" అన్నాడు డెన్నిస్. "అయితే నాకు తెలీదు, నువ్వు చెప్పలేదు" అని లెగ్గేట్ ట్రాక్టరెక్కాడు. "ముద్ర మ్యూజియంలోనే ఉండనీ. గేటు వెయ్యి."

మేవిసమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆమె బట్టలారేస్తోంది. ఆపిల్ చెట్టుకి కట్టిన తాడు మీద. డెన్నిస్ టోపీ తీసి నిలబడ్డాడు. పొడవడానికి వచ్చిన బిషప్ కూడా అతని మొహం చూసి ఆగిపోయిందంటారు. అది మాత్రం నమ్మడం కష్టం.

అంతా చెప్పాడు. ఆమె నోట్లో పెట్టుకున్న బట్టల క్లిప్పు తీసింది.

"అయితే సంత ఇక్కడ జరగలేదా?"

"లేదమ్మా."

"ఒక్క రోజు కూడా?"

"ఒక్క రోజు కూడా జరగలేదు."

"మరి మా ముత్తాత?"

"లాంగ్ క్లోజ్‌లో నిలబడ్డాడేమో. లేదా వేరే ఊళ్లోనో. నాకు తెలీదమ్మా."

మేవిసమ్మ తడి దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. "పోయినేడు ఆయనకి పువ్వులు పెట్టాను" అంది. "ఈ చెట్టు మొదట్లో. నువ్వు చూసి, బావున్నాయన్నావు."

డెన్నిస్‌కి ఆ క్షణాన నేల చీలితే బావుణ్ననిపించింది. చీలలేదు. ఏడేళ్లుగా చీమ, తేలు అనుకున్నది ఇప్పుడు పామై మెడకి చుట్టుకుంది. "ఇల్లు కట్టుకోవచ్చమ్మా, అనుమతి వచ్చేస్తుంది, నేను సంతకం పెట్టొచ్చాను. ఊళ్లో కూడా చెప్పేస్తాను. క్లబ్బులో లేచి నిలబడి చెబుతాను, చర్చి పత్రికలో వేయిస్తాను, అందరి ముందూ..."

"నోరు ముయ్యి" అంది మేవిసమ్మ. అంతకు ముందెప్పుడూ అతన్ని ఆమె ఆ మాట అనలేదు. "చెప్పేస్తే నీ గుండె తేలికవుతుంది. నీకు బాగానే ఉంటుంది. మరి ఆర్చీ? సంత మైదానంలోకి వస్తున్నాననుకుని వాడు ఆ మెట్లు దిగబోతున్నాడు. మామూలు దొడ్డి అని చెబితే దిగుతాడనుకున్నావా? తమ్ముడికి అక్క దయతో పెట్టే గది అనుకుంటాడు. వాడి పొగరు నీకు తెలీదు."

చేతిసంచీ తెరిచి, వెతికి వెతికి ఒక పెన్నీ తీసింది. "చెయ్యి పట్టు."

డెన్నిస్ చెయ్యి చాపాడు. నాణెం అరచేతిలో పెట్టి, అతని వేళ్లు ఆమే మూసింది.

"బయానా ఇచ్చాను. కుదిరావు. నేనూ ఆర్చీ బతికున్నంత కాలం నీ చాకిరీ ఒకటే. సంత ఇక్కడే జరిగింది. ఎవరడిగినా, ఎక్కడడిగినా. అబద్ధం నీకు కొత్త కాదు కదా."

"అమ్మా, అది తప్ప ఇంకేదైనా చేస్తాను. పునాది తవ్వుతాను, ఇటుకలు మోస్తాను..."

"అవీ చెయ్యి" అంది మేవిసమ్మ, దుప్పటి విదిలించి తాడు మీద వేస్తూ.

జూన్ నెలలో అనుమతి వచ్చింది. సెప్టెంబరులో ఆర్చీ నలభై రెండు మెట్లూ దిగాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గంటన్నర పట్టింది. ఆ ఇద్దరిలో ఒకడు డెన్నిస్. పునాదికి మట్టి మోసిందీ అతనే.

అయితే ఊరన్నాక నోరుండదా? తవ్వకం లేకుండా అనుమతి ఎలా వచ్చిందని గుసగుసలు మొదలయ్యాయి. ఒక శనివారం మధ్యాహ్నం పబ్బులో అందరూ ఉన్నారు. మూల బల్ల దగ్గర చక్రాల కుర్చీలో ఆర్చీ, పక్కన షెర్రీ వైను గ్లాసుతో మేవిసమ్మ. ఆర్చీ అప్పుడే పక్క బల్లవాళ్లకి తన కుర్చీ కింద ఎన్ని వందల గొర్రెలు అమ్ముడుపోయాయో చెబుతున్నాడు. రోనీ బ్లేడ్స్ గ్లాసు పట్టుకుని వచ్చి డెన్నిస్ ఎదురుగా నిలబడ్డాడు. రోనీకి ఎప్పుడూ గుసగుసలాడటం చేతకాదు.

"ఏం గురూ, నువ్వు సూటేసుకుని కౌంటీ ఆఫీసుకెళ్లి ఆ పిల్ల ముందు ఏడ్చావట కదా? అంకెలు మార్చి చెప్పావట? సంత అసలు ముసలమ్మ దొడ్డిలో లేనే లేదట, ఎర్రమట్టిలో ఎక్కడో ఉందట? నిజం చెప్పు, ఏడేళ్లుగా నన్ను ఫూల్ని చేశావా లేదా?"

పబ్బులో గోడ పలక మీదికి బాణాలు విసిరే ఆట ఆగిపోయింది. ఆర్చీ కూడా గొర్రెల్ని మధ్యలో వదిలేసి ఇటు తిరిగాడు. బెరిల్ భర్త వైపు చూసింది. మేవిసమ్మ మాత్రం ఎవరివైపూ చూడలేదు, షెర్రీలోకి చూస్తోంది.

అవును అనాలని డెన్నిస్‌కి ప్రాణం లాగింది. ఒక్క మాటతో ఏడేళ్ల బరువు దిగిపోయేది. రోనీ నవ్వేవాడు, క్లబ్బు వెలేసేది. అదంతా పండగలా అనిపించిందతనికి. నాలుక చివరిదాకా వచ్చింది. ఆర్చీ మొహం చూశాడు. మింగేశాడు.

"ఏ ఆఫీసు రోనీ?" అన్నాడు. "ఏ పిల్ల? నాకసలు సూటే లేదు, బెరిల్ని అడుగు. నేను ఏ అంకె మార్చలేదు. ఎవరి దగ్గరా ఏడవలేదు. ఎర్రమట్టీ లేదు, నల్లమట్టీ లేదు. సంత మేవిసమ్మ దొడ్డిలోనే జరిగింది. నేనే తవ్వాను, నా చేత్తో తీశాను. ఇదంతా ఎవడు కల్పించాడో గానీ, ఇందులో ఒక్క ముక్క నిజం లేదు."